ఒకే చిరునామా, మూడు పేర్లు

పిల్లలూ, ఒక ఇంట్లో తాతా, తండ్రీ, మనమడూ ఉన్నారనుకోండి. ఇంటి నంబరు ఒకటే. వచ్చిన ఉత్తరం ఎవరిదో కవరుమీది పేరే చెబుతుంది.

మా ఇంట్లో ఒక పాత కంప్యూటరు సర్వరుగా పనిచేస్తున్నది. అందులో మూడు వెబ్‌సైట్లున్నవి: నా లెక్కల పాఠాలు, మా మనమడి పిట్టల ఫోటోలు, వాడి నాయనమ్మ ఊరగాయలు. పేర్లు వేరైనా, ఇంటర్నెట్టులో మూడింటికీ చిరునామా అంకె ఒకటే. మరి ఎవరికి ఏది చూపాలో యంత్రానికెలా తెలుస్తుంది?

మొదటి రోజుల్లో తెలిసేది కాదు. అవతలి కంప్యూటరు "మొదటి పేజీ ఇవ్వు" అనేదే గాని, ఏ సైటుదో చెప్పేది కాదు. అందుచేత సైటుకొక అంకె కావలసివచ్చేది. ఆ అంకెలో, మొత్తం సుమారు 429 కోట్లే! 1997లో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 నియమాల ప్రకారం, అడిగేటప్పుడు సైటు పేరు కూడా విధిగా చెప్పాలి. ఆ పంక్తిని "హోస్ట్" అంటారు.

సర్వరు ఆ పేరును తన పట్టికలో వెతికి, ఆ సైటు పేజీ పంపుతుంది. పేరు దొరక్కపోతే, మా సర్వరు పట్టికలో మొదటి సైటునే చూపుతుంది. ఒకసారి పట్టికలో ఊరగాయల సైటు పేరు రాస్తూ నేను ఒక అక్షరం తప్పాను. ఆవకాయ కోసం వచ్చినవారందరికీ మూడు రోజులపాటు త్రైరాశికం లెక్కలే కనిపించినవి!

"ఇన్నేళ్లూ పిల్లల అక్షరదోషాలు దిద్దినవారు మీరేనా?" అన్నది మా ఆవిడ.