ఆ ఆటగాడి పాదం ఎందుకు జారింది?

ప్రశ్న: బేస్‌బాల్ వీడియో గేమ్‌లో ఆటగాళ్లు అచ్చం టీవీలో కనిపించే మనుషుల్లాగే ఉంటారు. అయినా బంతి కోసం పరిగెత్తేటప్పుడు ఒక్కోసారి వాళ్ల పాదాలు నున్నటి గచ్చు మీద జారినట్టు కనిపిస్తాయి. ఎందుకు?

జవాబు: చాలా నిశితంగా చూశావు. సోనీకి చెందిన శాన్ డియాగో స్టూడియో 2006 నుంచి ఏటా తెస్తున్న ‘ఎంఎల్‌బీ ది షో’ లాంటి ఆటలు తయారుచేసేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఇది. మెల్లగా విప్పుదాం.

నోటుపుస్తకం పేజీల మూలల్లో కొంచెం కొంచెం తేడాతో బొమ్మలు గీసి, బొటనవేలితో టకటకా తిప్పి ఉంటావు. బొమ్మ కదిలినట్టే ఉంటుంది. వీడియో గేమ్‌లోనూ జరిగేది అదే. తెర మీద సెకనుకు 60 బొమ్మలు (ఫ్రేములు) మారుతున్నాయనుకుందాం. అయితే నోటుపుస్తకంలో తర్వాతి పేజీ బొమ్మ ముందే గీసి ఉంటుంది. గేమ్‌లో నువ్వు ఏ బటన్ ఎప్పుడు నొక్కుతావో ఎవరికీ తెలియదు. అందుకే ఒక్కో బొమ్మనూ అప్పటికప్పుడు తయారుచేయాలి.

ఆ బొమ్మలో బంతి ఎక్కడుండాలో తేల్చేది లెక్క. గాలిలో పోయే బంతిని భూమి కిందికి లాగుతుంది, గాలి అడ్డుకుంటుంది, బంతి తిరిగే తీరు దాని దారిని వంచుతుంది. క్రికెట్‌లో స్పిన్నర్ వేసిన బంతి నేలను తాకకముందే పక్కకు జరగడం చూసే ఉంటావు. బేస్‌బాల్‌లో ‘కర్వ్‌బాల్’ చటుక్కున కిందికి వంగడానికీ కారణం ఆ తిరగడమే. బంతి వేగం, అది తిరిగే తీరు తెలిస్తే తర్వాతి బొమ్మలో అది ఎక్కడుంటుందో కంప్యూటర్ లెక్కగట్టగలదు.

ఈ లెక్కకు దొరికే సమయం ఎంతో చూడు. బంతి విసిరే పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ ముందున్న హోమ్ ప్లేట్‌కు దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి ఇంచుమించు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. అంటే 24 బొమ్మలు, అంతే. ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య బంతి రెండడుగులకు పైగా ముందుకు పోతుంది. బ్యాట్‌కు అది ఆని ఉండేది సుమారు సెకనులో వెయ్యోవంతు. కాబట్టి ఒక బొమ్మలో బంతి బ్యాట్‌కు ఇవతల ఉండి, తర్వాతి బొమ్మకల్లా అవతల తేలవచ్చు. బొమ్మలను మాత్రమే చూసి తీర్పు చెబితే బంతి బ్యాట్‌లోంచి దూరిపోయినట్టే అవుతుంది. అందుకని రెండు బొమ్మల మధ్య బంతి వచ్చిన దారినీ, బ్యాట్ తిరిగిన దారినీ లెక్కగట్టి, అవి ఎక్కడ కలిశాయో చూస్తారు.

మనిషి కదలికను ఇలా లెక్కతో పుట్టించడం చాలా కష్టం. ఒక్క విసురులో మడమ, మోకాలు, నడుము, భుజం, మణికట్టు ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. అందుకే నిజమైన మనిషి చేత ఆడించి నమోదు చేస్తారు. ఈ ఆలోచన పాతదే. 1887లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ ప్రచురించిన ‘యానిమల్ లోకోమోషన్’ ఫొటోల్లో బేస్‌బాల్ ఆడేవాళ్ల కదలికలూ వరస వరసగా ఉన్నాయి. ఇప్పుడైతే ఒంటినిండా మెరిసే చిన్న గుండ్లు అంటించి, చుట్టూ ఉన్న కెమెరాలతో వాటి కదలికను పట్టుకుంటారు. దీన్నే మోషన్ క్యాప్చర్ (కదలికల నమోదు) అంటారు.

నీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. బంతిది లెక్క, మనిషిది నమోదు. ఈ రెండూ ఒకే చోట కలవాలి. నమోదులో ఆటగాడు అంగకు 6 అడుగులు వేశాడనుకో. మూడు అంగల్లో 18 అడుగులు పోతాడు. బంతి 20 అడుగుల దూరంలో పడుతోంది. ఆ రెండడుగుల తేడాను ఎవరు పూడ్చాలి? గేమ్ అతని శరీరాన్ని అంతమేర ముందుకు నెడుతుంది. అప్పుడు నేలకు ఆనించిన పాదమూ దాంతోపాటే జరుగుతుంది. నీకు కనిపించిన జారుడు అదే.

వాన వెలిశాక వీధిలో నీటి గుంట దాటేటప్పుడు నువ్వేం చేస్తావు? గుంట అంచుకు రాకముందే, నీకు తెలియకుండానే, రెండు మూడు అంగలు పెంచో తగ్గించో సర్దుకుంటావు. మంచి గేమ్ కూడా అదే చేస్తుంది. బంతి దారి లెక్కలో ఉంది కాబట్టి అది ఎక్కడ పడుతుందో ముందే తెలుసు. ఆ రెండడుగులను మూడు అంగలకు ఎనిమిదేసి అంగుళాల చొప్పున పంచుతుంది. పాదాన్ని నేలకు బిగించి ఉంచి, దానికి తగ్గట్టు మోకాలినీ తుంటినీ మళ్లీ లెక్కగట్టి వంచుతుంది.

మరి ఇంకా ఎందుకు జారుతుంది? ఎందుకంటే ఆటగాణ్ని నడిపేది నీ బొటనవేలు. అతను అంగ మధ్యలో ఉండగా నువ్వు అటు కాదు, ఇటు అన్నావనుకో. వెంటనే తిప్పితే పాదం జారుతుంది. అంగ పూర్తయ్యేదాకా ఆగితే నీ మాట ఆలస్యంగా విన్నట్టు ఉంటుంది. మొదటిది కంటికి అబద్ధం, రెండోది చేతికి అబద్ధం. గేమ్ తయారుచేసేవాళ్లు ఈ రెండింటి మధ్య ప్రతి కదలికకూ ఒక రాజీ కుదర్చాలి. అది కుదరని చోట నీ కన్ను ఆగింది.

బంతి దారిలో చిన్న తప్పున్నా మనలో చాలామందికి తెలియదు. కానీ పాకే వయసు నుంచీ మనం రోజూ చూస్తున్నవి మనుషుల కాళ్లే. అందుకే పాదం విషయంలో మన కన్ను మోసపోదు. ఈసారి రీప్లేను నెమ్మదిగా నడిపి, ఆటగాడు దిశ మార్చే క్షణంలో అతని పాదాన్నే చూడు. తర్వాత వాన పడ్డప్పుడు గుంట దాటుతూ నీ అంగలను నువ్వే లెక్కపెట్టుకో. నీ కాళ్లు ఏ ఆలోచనా లేకుండా చేసేసే ఆ సర్దుబాటు కోసమే అక్కడ అంత లెక్క జరుగుతోంది.