బొమ్మ చాటున దొంగ

నంద్యాల: ఆళ్లగడ్డ శిల్పుల చేతుల్లో ఉలితోపాటు ఇప్పుడు సెల్‌ఫోనూ ఉంది. విగ్రహం ఎలా ఉండాలో దూరప్రాంతాల వారు ఫొటో పంపితే చాలు. నంద్యాల ధాన్యం వ్యాపారులూ సరుకు నమూనా ఫోన్‌లోనే చూసుకుంటున్నారు. ఉత్త బొమ్మ చూస్తే ప్రమాదమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. 2023 సెప్టెంబరులో బయటపడిన ఒక లోపం ఆ ధీమా తగదని చాటింది.

ఫోన్‌కు వచ్చే ఫొటో నిజానికి అంకెల వరుస. దాన్ని విప్పి తెరపై చూపడానికి ఒక ప్రోగ్రాం ఉంటుంది. గూగుల్ 2010లో తెచ్చిన 'వెబ్‌పీ' రకం బొమ్మలను విప్పే 'లిబ్‌వెబ్‌పీ' అనే ప్రోగ్రాంలో ఈ లోపం దొరికింది.

షావుకారు చిట్టానే తీసుకుందాం. పేరుకు ఒక గడి, పక్కన సొమ్ముకు ఒక గడి ఉంటాయి. ఇచ్చిన పేరు ఎంత పొడవున్నా గుమాస్తా గీత చూసుకోకుండా రాసుకుపోతే, పేరు తోక సొమ్ము గడిలో పడుతుంది. ఇది తెలిసిన మోసగాడు ఆ తోకను తనకు కావలసిన అంకెగా మలుచుకుంటాడు. ఇక్కడా అదే జరిగింది. కపటంగా తయారుచేసిన బొమ్మను విప్పేటప్పుడు ప్రోగ్రాం తనకు కేటాయించిన జాగా దాటి పక్క జాగాలో రాసేస్తుంది. ఆ సందున దొంగ తన ఆజ్ఞలను ఫోన్‌లో చొప్పించగలడు.

ఆపిల్ భద్రతా విభాగం, కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ సెప్టెంబరు 6న దీన్ని గూగుల్‌కు తెలిపాయి. 11న క్రోమ్‌కు మరమ్మతు విడుదలైంది. దుండగులు అప్పటికే దీన్ని వాడుకుంటున్నట్లు గూగుల్ అంగీకరించింది. కేసీ కాలువకు ఒకచోట గండి పడితే దిగువ ఊళ్లకూ చేటే. ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, ఇంకా ఎన్నో యాప్‌లు ఇదే ప్రోగ్రాంపై ఆధారపడటంతో అన్నింటికీ మరమ్మతు తప్పలేదు.

ఇలాంటి ఎత్తులు సాధారణంగా గురిపెట్టిన వ్యక్తులపైనే సాగుతాయి గనుక గ్రామస్థులు బెంబేలెత్తనక్కరలేదు. అయితే మరమ్మతు విడుదలైనంత మాత్రాన చాలదు, అది మన ఫోన్‌లోకి చేరాలి. 'అప్‌డేట్' అని వస్తే పక్కకు నెట్టేయరాదు. చేతకాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లలతో చేయించుకోవాలి. అప్‌డేట్‌లు ఆగిపోయిన పాత ఫోన్‌లో బ్యాంకు లావాదేవీలు పెట్టుకోకపోవడం మేలు.

పెళ్లి పత్రిక పేరిట వచ్చే 'ఏపీకే' ఫైలు అసలు బొమ్మే కాదు, యాప్. దాన్ని తెరవరాదు. సొమ్ము పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

పంట సొమ్ము ఫోన్‌లోకి చేరిన కాలమిది. గాదెకు వేసినట్లే ఫోన్‌కూ గడియ వేసుకోవాలి.