రోగి కూర్చునే కుర్చీ బోల్తా పడకుండా...

డిశ్చార్జి రోజున మందులు ఎప్పుడు వేయాలి, పథ్యం ఏమిటి, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి అని కుటుంబ సభ్యులు అన్నీ అడిగి తెలుసుకుంటారు. ఇంటికి వెళ్ళాక పేషెంటును దేనిమీద కూర్చోబెడతారని మేము అడిగితే మాత్రం "ఇంట్లో కుర్చీలు ఉన్నాయి కదా సిస్టర్" అంటారు. ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చోవడానికి కొన్న చక్రాల కుర్చీ ఉంటోంది. మెత్తగా ఉంటుంది, చేతులు ఉంటాయి, తోస్తే కదులుతుంది. అందుకని పక్షవాతం వచ్చిన నాన్నగారిని, తుంటి ఆపరేషన్ అయిన అమ్మమ్మగారిని అందులో కూర్చోబెట్టి మంచం దగ్గర నుంచి బాత్రూం వరకు తోసుకుపోతున్నారు. ఆ కుర్చీని ఒకచోట కూర్చుని పని చేసుకునే ఆరోగ్యవంతుల కోసం తయారు చేశారు. రోగిని ఒక గది నుంచి మరో గదికి తీసుకుపోవడానికి కాదు.

గడ్డి బండిని చూసినవారికి ఈ విషయం తేలికగా అర్థమవుతుంది. గడ్డి ఎంత ఎత్తుగా వేస్తే, కాలవగట్టు మీద ఒక చక్రం కాస్త దిగినా బండి అంత సులభంగా తిరగబడుతుంది. కుర్చీ కూడా అంతే. కుర్చీ కాళ్ళు నేలను తాకే చోట్లన్నిటినీ ముగ్గు గీతలా కలిపినట్టు ఊహించుకోండి. మనిషి బరువు ఆ గీతల లోపల ఉన్నంతసేపు కుర్చీ నిలుస్తుంది. పేషెంటు పక్కకో ముందుకో వంగి బరువు గీత దాటిందా, పడిపోతుంది.

ఆఫీసు కుర్చీలకు అయిదు కాళ్ళు పెట్టడానికి కారణం ఇదే. మధ్య కడ్డీ నుంచి చక్రం వరకు 30 సెంటీమీటర్లు ఉందనుకుందాం. నాలుగు కాళ్ళే ఉంటే, రెండు కాళ్ళ మధ్య ఖాళీ వైపు బరువు సుమారు 21 సెంటీమీటర్లు జరిగితే చాలు, కుర్చీ ఒరుగుతుంది. అయిదు కాళ్ళుంటే సుమారు 24 వరకు ఆగుతుంది. ఆ అయిదింటిలో ఒక చక్రం ఊడిపోతే మాత్రం ఆ వైపు ఈ దూరం 9 సెంటీమీటర్లకు పడిపోతుంది. "ఒక్క చక్రమే కదా, మిగతా నాలుగు ఉన్నాయిగా" అనుకునేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఊడిన చక్రం కింద ఇటుక ముక్కో అట్టముక్కో పెట్టి సరిపెట్టకండి. ఆఫీసు కుర్చీలు బాగుచేసే దుకాణాల్లో చక్రాలు విడిగా దొరుకుతాయి. పాతది ఊడదీసి పట్టుకెళ్తే అదే కొలతది ఇస్తారు. కొత్త చక్రం వేసేదాకా ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వకండి.

రోగిని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టక తప్పదంటే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం చక్రాలు తీసేయడం. చాలా కుర్చీలకు చక్రాలు గుంజితే వచ్చేస్తాయి. వాటి చోట కదలని ప్లాస్టిక్ కాళ్ళు బిగించమని అడగండి. అయిదింటికీ మార్చాలి, రెండు మూడింటికి మార్చి వదిలేయకూడదు. తరువాత, వెనక్కి వాలే ఏర్పాటు ఉంటే దాన్ని వాలకుండా బిగించండి. వెనక్కి వాలినప్పుడు బరువంతా గీత అంచుకు పోతుంది. కుర్చీ వీపును గోడకు ఆనించి వేయండి. వీపుకు సంచులు, తడి తువ్వాళ్ళు తగిలించకండి.

కూర్చునే ఎత్తు తగ్గిస్తే కుర్చీ ఇంకా గట్టిగా నిలుస్తుంది. అయితే తుంటి ఆపరేషన్ అయినవారికి ఇది పనికిరాదు. వారికి తుంటి మోకాలి కంటే కాస్త ఎత్తులో ఉండాలి, మరీ కిందికి కూర్చోకూడదు. ఒకరికి మంచి చేసేది ఇంకొకరికి చెడు చేస్తుందంటే ఇదే.

ఇవన్నీ చేసినా ఆ కుర్చీ గుండ్రంగా తిరగడం మానదు. పక్షవాతం వచ్చిన మనిషి బాగున్న చేతితో ఒకవైపే నొక్కి లేవబోతాడు. కుర్చీ ఆ వైపు తిరుగుతుంది, మనిషి నేల మీద ఉంటాడు. అందుకే నన్నడిగితే, తాతగారి కాలం నాటి చేతులున్న బరువైన కొయ్య కుర్చీయే నయం. చూడడానికి అందంగా లేకపోవచ్చు గాని, కదలదు.

ప్లాస్టిక్ కుర్చీల సంగతి కూడా చెప్పాలి. తడి టైల్స్ మీద వాటి కాళ్ళు జారి విచ్చుకుంటాయి. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు ముందుగా నేల మీది సబ్బునీళ్ళు కడిగేయండి. ఎండలో చాలాకాలం ఉండి రంగు వెలిసి, కాళ్ళ దగ్గర తెల్లటి గీతలు పడిన కుర్చీని అసలే వాడవద్దు. ఒకదానిలో ఒకటి రెండు కుర్చీలు వేస్తే కాళ్ళు అంతగా విచ్చుకోవు.

ఇక అసలైన వీల్‌చెయిర్. ఇదైతే పడదని ధైర్యంగా ఉంటారు. ఇదీ పడుతుంది, ఎక్కువగా గడప దగ్గర. ముందు చిన్న చక్రాలు గడపకు తగిలి ఆగిపోతాయి, వెనక నుంచి తోస్తున్న వేగానికి పేషెంటు ముందుకు పడతాడు. గడప దగ్గర ఆగండి. ఎక్కించేటప్పుడు ముందు చక్రాలను కాస్త పైకి లేపి గడప దాటించండి. దించేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలను ముందుగా దించండి. లేపి నిలబెట్టేటప్పుడు రెండు బ్రేకులూ వేసి, పాదాల పలకలు పైకి మడవాలి. పలక మీద కాళ్ళు పెట్టి లేస్తే కుర్చీ ముందుకు తిరగబడుతుంది. షుగరు వల్ల కాలు తీసేసినవారి కుర్చీ మాత్రం వెనక్కి పడుతుంది, ఎందుకంటే ముందువైపు ఉండవలసిన కాలి బరువు లేదు. అలాంటివారి కుర్చీకి వెనక చిన్న ఆధారపు చక్రాలు పెట్టించుకోవాలి. వాటి గురించి డిశ్చార్జికి ముందే ఫిజియోథెరపీ వారిని అడగండి.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కొక్కసారి పడతారు. అప్పుడు కంగారులో చంకల కింద చేతులు వేసి లాగి లేపకండి. ఎక్కడ నొప్పి ఉందో పడుకోబెట్టే అడగండి. ఒక కాలు పొట్టిగా కనబడి, పాదం బయటకు తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. కాలు కదపకుండా అంబులెన్సు కోసం 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలి, ఆ మనిషి రక్తం పలచబడే మందులు వాడుతుంటే, పైకి గాయం కనబడకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. పెద్దవయసు వారిలో తలలో రక్తం నెమ్మదిగా చేరి, రెండు మూడు వారాల తరువాత కూడా తలనొప్పి, మత్తు, తికమకగా మాట్లాడడం మొదలుకావచ్చు. అప్పుడు వయసు మీద నెట్టేయకుండా, పడిన తేదీ డాక్టరుగారికి చెప్పండి.