పక్కింటి కుక్క ఆకలితో, ఎండలో అల్లాడుతుంటే ఏం చేయాలి?

పక్కింటి మేడ మీద గొలుసుతో కట్టేసిన కుక్క. గొలుసు రెండు మూరలకు మించదు. నీళ్ల గిన్నె బోర్లా పడి ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఫజర్‌కి లేచినప్పుడు అరుస్తుంటుంది, ఇషా నమాజు అయ్యాక కూడా అరుస్తూనే ఉంటుంది. ఇంటివాళ్లు తాళం వేసి ఊరెళ్లారో, లోపలే ఉండి పట్టించుకోవడం లేదో తెలియదు. టోలిచౌకిలో చూసినా, కర్నూలు పాతబస్తీలో చూసినా, గుంటూరు అపార్టుమెంట్లలో చూసినా ఇలాంటి ఇల్లు ఒకటి కనిపిస్తూనే ఉంటుంది.

చూసి బాధపడని వాళ్లు తక్కువ. కానీ ముస్లిం కుటుంబాలకు రెండు సందేహాలు అడ్డం పడతాయి. కుక్క దగ్గరికి వెళ్తే బట్టలు నాపాక్ అవుతాయి కదా, నమాజు సంగతేంటి అన్నది మొదటిది. రెండోది ఎవరూ పైకి అనరు గానీ మనసులో ఉండేదే. పక్కింటివాళ్లు వేరే మతం వాళ్లయితే, మనం వెళ్లి మాట్లాడినా, ఫిర్యాదు ఇచ్చినా "సాయిబులకు కుక్కలంటే పడదు, అందుకే గొడవ" అనే మాట వస్తుందేమోనని. ఈ భయంతోనే చాలామంది కిటికీ మూసుకుని ఊరుకుంటారు.

నమాజు సంగతి ముందు

ఇంట్లో సరదాకి కుక్కను పెంచుకోవడం వేరు, ఆకలితో ఉన్న కుక్కకు నీళ్లు పెట్టడం వేరు. మొదటిదాన్ని హదీసులు నిరుత్సాహపరిచాయి. వేటకు, మందకు, పొలం కాపలాకు మినహాయింపు ఉంది. రెండోది మాత్రం పుణ్యకార్యం. దాహంతో మట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తన మేజోడులో నీళ్లు నింపి తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. జంతువుల విషయంలో కూడా సవాబ్ ఉంటుందా అని సహాబాలు అడిగితే, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ ఉంటుందని దైవప్రవక్త (స) చెప్పారు. పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా, తానుగా వెతుక్కోవడానికి వదలకుండా చంపిన స్త్రీకి శిక్ష పడిందన్న హదీసు కూడా అందరికీ తెలిసిందే. అందులో పిల్లి ఉన్న స్థితికి, మేడ మీద కుక్క ఉన్న స్థితికి పెద్ద తేడా లేదు.

పాకీ విషయానికొస్తే, కుక్కను తాకినంత మాత్రాన వుజూ పోదు. హనఫీల దగ్గర నాపాక్ అయ్యేది దాని లాలాజలం, కుక్క ఒళ్లు కాదు. అది తగిలిన చోట మూడుసార్లు కడిగితే సరిపోతుంది, ఏడుసార్లు కడగడం మేలు అంటారు. షాఫయీలు ఏడుసార్లు కడగాలంటారు, అందులో ఒకసారి మట్టితో. మన దగ్గర ఎక్కువమంది హనఫీలే అయినా, హైదరాబాద్ బార్కస్‌లోని అరబ్ కుటుంబాల్లో షాఫయీ పద్ధతి ఉంది. పొడిగా ఉన్న కుక్క పొడి బట్టకు తగిలితే ఈ రెండు పద్ధతుల్లోనూ కడగక్కర్లేదు. అనుమానం ఉంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడగండి. కుక్క గిన్నె విడిగా పెట్టుకుంటే సగం తలనొప్పి అక్కడే తీరిపోతుంది.

ఇంటికెళ్లి మాట్లాడటం

కుక్కను ఎండగట్టే వాళ్లందరూ రాతిగుండె మనుషులు కారు. పిల్లలు మారాం చేస్తే కూనను తెచ్చి ఉంటారు. ఆ పిల్లలు ఇప్పుడు హాస్టల్లో ఉంటారు. ఇంటాయన గల్ఫ్‌కి వెళ్లి ఉంటాడు, ఇంట్లో మిగిలిన ముసలావిడ మేడ మెట్లు ఎక్కలేదు. లేదా ఖర్చు. కూనను కొన్నప్పుడు చూసుకున్నది దాని ధర ఒక్కటే. ఆ తర్వాత పది పన్నెండేళ్ల పాటు తిండి, టీకాలు, డాక్టరు లెక్క ఎవరూ వేసుకోరు. మాట్లాడితే తప్ప ఇందులో కారణం ఏదో బయటపడదు.

కాబట్టి మొదటి మాట అరుపుల గురించి వద్దు. "మీ కుక్క వల్ల మాకు నిద్ర లేదు" అంటే అవతలివాళ్లు వెంటనే గోడ కట్టేసుకుంటారు. "అక్కా, ఎండ బాగా ఎక్కువైంది కదా, మేడ మీద కుక్కకి నీళ్లు అయిపోయినట్టున్నాయి. మా పిల్లోడు మధ్యాహ్నం పోసి వస్తాడు, పర్లేదా?" అని అడిగి చూడండి. చాలా ఇళ్లలో సిగ్గుపడి వాళ్లే లేస్తారు. వేరే మతం వాళ్ల ఇంటికైతే ఒక్కరే వెళ్లకుండా, ఇద్దరికీ కావాల్సిన మరో పొరుగావిడనో, కాలనీ పెద్దమనిషినో తోడు తీసుకెళ్లడం మంచిది. అప్పుడది కాలనీ మాట అవుతుంది. ఒక పని మాత్రం అస్సలు చేయొద్దు. వీడియో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. సాయంత్రానికి కుక్క సంగతి అందరూ మర్చిపోతారు, తిట్లు మాత్రం మిగులుతాయి.

ఇంటివాళ్లు ముస్లింలే అయినా ఇదే పద్ధతి. మనవాళ్లలో కాపలాకని తెచ్చి, దగ్గరికి వెళ్లకూడదన్న వంకతో తిండి కూడా సరిగ్గా పెట్టనివాళ్లు ఉన్నారు. కాపలాకు ఉంచుకోవడానికి మినహాయింపు ఉందంటే, దాని కడుపు చూసుకునే బాధ్యత కూడా వాళ్లదే కదా.

నీళ్లు, తిండి పెట్టేటప్పుడు

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి ఎగశ్వాస తీసుకునే ఒళ్లు చల్లార్చుకుంటుంది. నీళ్లు, నీడ లేకపోతే స్లాబు మీద ఒక్క మధ్యాహ్నం చాలు ప్రాణం మీదకు రావడానికి. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, నిలబడలేక తూలుతుంటే అది వడదెబ్బ. నీడలోకి చేర్చి ఒంటి మీద మామూలు నీళ్లు పోసి, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఇంటివాళ్లకు ఫోన్ చేయాల్సింది అప్పుడే, సాయంత్రం కాదు.

ఆకలితో ఉన్న కుక్కకు ఒకేసారి కడుపు నిండా పెట్టకూడదు. కొంచెం కొంచెంగా, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టాలి. ఉప్పు, కారం లేని అన్నం, ఉడికించిన గుడ్డు లేదా ఎముక తీసిన చికెన్ బాగా పనికొస్తాయి. దావత్‌లో మిగిలిన బిర్యానీ మాత్రం వద్దు. ఉల్లిపాయ కుక్కలకు విషం లాంటిది, రక్తాన్ని దెబ్బతీస్తుంది. ఉడికిన ఎముకలు విరిగి, పదునైన ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి. కిస్‌మిస్ కూడా ప్రమాదమే. జాలిపడి పెట్టిందే ప్రాణం తీసే అవకాశం ఉంది.

ఎన్నాళ్లుగానో కట్టేసి ఉన్న కుక్క తోక ఊపినా నమ్మకూడదు. గొలుసు ఎంతవరకు వస్తుందో ముందు చూసుకుని, గిన్నెను కర్రతో ముందుకు తోయాలి. కళ్లలోకి తేరిపార చూడకూడదు. చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపకూడదు. మేడ మీదకు ఇంటివాళ్ల అనుమతి లేకుండా ఎక్కితే అది అక్రమ ప్రవేశం అవుతుంది. కుక్కను విప్పి తీసుకెళ్లిపోతే చట్టం దృష్టిలో దొంగతనమే, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా.

కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా, ఉన్న గాయం మీద నాకినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి పెట్టే అలవాటు ఇంకా పోలేదు, అవేవీ వద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. డాక్టరు చెప్పిన తేదీల్లో ఒక్కటి కూడా వదలకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

మాట వినకపోతే

1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టంలో 11వ సెక్షన్ ఉంది. మరీ పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం, తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం, ఆకలితో మాడేలా వదిలేసి వెళ్లిపోవడం ఇవన్నీ అందులో నేరాలే. శిక్ష చూస్తేనే నవ్వొస్తుంది. మొదటిసారికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. 1960లో 50 రూపాయలంటే విలువ ఉండేది, ఇప్పుడు నాలుగైదు కప్పుల ఇరానీ చాయ్‌కి కూడా సరిపోతుందో లేదో. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. జరిమానా కంటే పెద్ద దెబ్బ మరొకటుంది. నేరం రుజువై, మళ్లీ హింసించే అవకాశం ఉందనిపిస్తే కుక్కను యజమాని నుంచి తీసేసే అధికారం 29వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తిండి పెట్టకపోవడం, కట్టేయడం లాంటివి పోలీసులు నేరుగా కేసు కట్టి అరెస్టు చేసే నేరాలు కావు. స్టేషన్‌లో వివరాలు రాసుకుని మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లమనొచ్చు. అయినా రాతపూర్వక ఫిర్యాదు వృథా కాదు. ఒక కానిస్టేబుల్ వచ్చి తలుపు తట్టి వెళ్తే చాలు, చాలా మేడల మీద గొలుసు పొడవవుతుంది. ఫిర్యాదులో తేదీలు, మీ మేడ మీద నుంచి తీసిన ఫోటోలు, ఇంటివాళ్లతో ఎప్పుడు మాట్లాడారన్నది ఉండాలి. రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి. ఈ చట్టం కింద కేసు నేరం జరిగిన మూడు నెలల్లోపే వేయాలి, కాబట్టి చూద్దాంలే అని ఏడాది ఆగితే లాభం లేదు.

పోలీసులతో పాటు మున్సిపాలిటీ వెటర్నరీ విభాగానికి కూడా రాయొచ్చు. హైదరాబాద్‌లో పెంపుడు కుక్కకు లైసెన్సు కావాలి, దానికి రేబిస్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. అది లేని ఇంటివాళ్లకు మున్సిపాలిటీ నుంచి వచ్చే ప్రశ్న పోలీసుల ప్రశ్నకంటే తొందరగా పనిచేస్తుంది. 2001 నాటి నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో జంతు హింస నివారణ సంఘం, అంటే ఎస్పీసీఏ ఉండాలి. మీ జిల్లాలో అది నడుస్తోందో లేదో పశుసంవర్ధక శాఖ కార్యాలయంలో తెలుస్తుంది. హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూ క్రాస్ లాంటి సంస్థలు కూడా ఉన్నాయి. ఫిర్యాదు కింద ఒక్క ఇంటి పేరు కాకుండా నాలుగైదు ఇళ్ల సంతకాలు, అన్ని మతాలవీ ఉంటే, మొదట్లో చెప్పుకున్న ఆ రెండో భయం చాలావరకు పోతుంది.

అరుపులు భరించలేక ఎవరైనా అన్నంలో మందు కలిపి పెడదామంటే అక్కడే ఆపాలి. జంతువుకు విషం పెట్టడం, చంపడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడే నేరం. దీనికి పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కడతారు.

ఇంటివాళ్లే "మా వల్ల కాదు, ఎవరైనా తీసుకుపోండి" అంటే అది మంచి మాటే, కానీ నోటి మాట మీద తీసుకెళ్లొద్దు. తెల్లకాగితం మీద కుక్క వివరాలు, తమ ఇష్టంతోనే ఇస్తున్నట్టు ఒక వాక్యం, సంతకం, తేదీ, ఇద్దరు సాక్షులు ఉండాలి. షెల్టర్లలో చోటు దొరకడం కష్టం, కాబట్టి తోటో పొలమో ఉండి కాపలాకు కుక్క కావాల్సిన వాళ్లను ముందే చూసుకోవాలి. అప్పగించే ముందు పశువైద్యశాలలో రేబిస్ టీకా వేయించి, ఆ కార్డును కాగితంతో పాటు కొత్త యజమానికి ఇవ్వాలి.