సినిమా చూస్తే భాష వస్తుందా?

పిల్లలూ, తెలుగు మన అమ్మ భాష. దాన్ని మనం పనికట్టుకుని నేర్చుకోలేదు. కాని జపాను దేశంలో తెలుగును పనికట్టుకుని నేర్చుకోవాలని ఉబలాటపడేవారు ఉన్నారంటే మీరు నమ్ముతారా?

2022 అక్టోబరు 21న "ఆర్‌.ఆర్‌.ఆర్‌." అనే మన సినిమా జపానులో విడుదలయింది. తెర మీద పాత్రలు తెలుగులో మాట్లాడుతూ ఉంటే, కింద జపాను లిపిలో అర్థం పడుతూ వచ్చింది. 2025 మార్చిలో ఆ సినిమా నటుడు జూనియర్‌ ఎన్‌.టి.ఆర్‌. జపాను వెళ్ళినప్పుడు, అక్కడి అభిమాని ఒకావిడ ఆ సినిమా చూసినాకనే తనకు తెలుగు నేర్చుకోవాలనే కోరిక పుట్టిందని ఆయనతో చెప్పింది. ఆ మాట విని ఆయన ఎంతో సంతోషించాడు.

ఇంతకూ సినిమాల వల్లా, పాటల వల్లా పరాయి భాష వస్తుందా? కొంతవరకు తప్పక వస్తుంది. ఎట్లాగంటే:

తెలియని భాష మొదటిసారి వింటే మాటలు విడివిడిగా వినపడవు. గలగల పారే ఏటి చప్పుడులాగా అంతా ఒకటే ధ్వని. ఒక మాట ఎక్కడ ముగిసిందో, ఇంకొకటి ఎక్కడ మొదలయిందో తెలియదు. పాటలో ఐతే అదే పల్లవి నాలుగైదు సార్లు వస్తుంది. విన్న మాటే మళ్ళీ వినిపిస్తే చెవి దాన్ని గుర్తు పడుతుంది. సినిమాలో బొమ్మ కూడా ఉంటుంది. ఒకడు కోపంగా తలుపు కేసి చెయ్యి చాచి అరిస్తే, "బయటికి పో!" అంటున్నాడని ఎవరూ చెప్పనక్కర లేదు.

కథ ముందే తెలిస్తే మరీ సులువు. 1987 జనవరిలో దూరదర్శన్‌ హిందీలో "రామాయణం" ధారావాహిక ప్రారంభించింది. ఆదివారం ఉదయం టీవీ ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు వారంతా చేరేవారు. సీతను ఎవరు ఎత్తుకుపోతారో, సముద్రం ఎవరు దాటుతారో హిందీ రాని తెలుగువారికి కూడా తెలుసు. అందుచేత తెలియని మాటకు అర్థం కథే చెప్పేది.

ఐతే ఇందులో ఒక చిక్కు ఉన్నది. అమెరికాలో పెట్రీషియా కూల్‌ అనే శాస్త్రజ్ఞురాలు తన తోటివారితో కలిసి ఒక పరీక్ష చేసి, 2003లో దాని ఫలితాలను ప్రకటించింది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని తొమ్మిది నెలల పసిపిల్లలకు వారు చైనా భాష వినిపించారు. కొందరు పిల్లల ఎదట చైనా భాష మాట్లాడేవారు కూర్చుని, 12 సార్లు పుస్తకాలు చదివి, బొమ్మలతో ఆడించారు. ఇంకొందరికి అటువంటి మాటలే టీవీలో చూపించారు. మనుషులతో ఆడిన పిల్లలు ఇంగ్లీషులో లేని ఒక ధ్వని భేదాన్ని పోల్చుకోగలిగారు. టీవీ చూసిన పిల్లలు పోల్చుకోలేకపోయారు!

మీరు పసివాళ్ళు కారు. కథ పట్టుకోగలరు, తెర కింది అక్షరాలు చదవగలరు. ఐనా తెర మీ ప్రశ్నకు బదులు చెప్పదు. మీరు తప్పు పలికితే దిద్దదు. అందుకు మనిషే కావాలి.

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్‌, శామీర్‌పేటలలో అటువంటి మనుషులకు కొరత లేదు. మేడ్చల్‌ నాగపూరు వెళ్ళే దారిలో ఉన్నది. శామీర్‌పేట కరీంనగర్‌ వెళ్ళే దారిలో ఉన్నది. అంగళ్ళలో తెలుగూ, దక్కనీ ఉర్దూ కలిసి వినిపిస్తాయి. తండాలలో లంబాడీ మాట్లాడతారు. శామీర్‌పేట దగ్గిర జీనోమ్‌ వ్యాలీలో టీకామందులు తయారవుతాయి. 2008లో అక్కడ ప్రారంభమయిన బిట్స్‌ పిలాని విద్యాలయంలో అనేక రాష్ట్రాల విద్యార్థులు చదువుతారు. ఫ్యాక్టరీలలో, ఇళ్ళ కట్టుబడిలో పనుల కోసం బీహారు, ఒడిశాల నుంచి కూడా కుటుంబాలు వస్తాయి.

అట్లా వచ్చిన పిల్ల ఒకతె మీ తరగతిలో ఉలకక పలకక కూర్చుంటే, ఆ పిల్లకు తెలివి లేదనుకోకండి. మన తెలుగు ఆమె చెవికి ఏటి చప్పుడులాగా వినిపిస్తున్నదన్న మాట. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆమెకు ఒక తెలుగు పాట పల్లవి నేర్పండి. ఆమె దగ్గిర ఒక ఒడియా పాటో, హిందీ పాటో నేర్చుకోండి. ఆమె తప్పు పలికితే నవ్వకండి. మీరు పలికేది ఆమెకు ఎట్లా వినిపిస్తుందో ఆలోచించండి. తరవాత ఒకటి నుంచి పది దాకా అంకెలు చెప్పించండి. అవి వస్తే చాలు, మర్నాటి నుంచి మీతోబాటు ఆమె కూడా దాగుడుమూతలు ఆడుతుంది.