చల్లకు వచ్చి ముంత దాచడం ఎందుకు?

పిల్లలూ! “చల్లకు వచ్చి ముంత దాచినట్లు” అనే సామెత మీరు ఇంట్లో వినే ఉంటారు. అడగవలసింది అడగకుండా ఊరి కబుర్లన్నీ చెబుతూ కూర్చునేవారిని చూసి పెద్దలు ఈ మాట అంటారు. చల్ల అంటే మజ్జిగ. తెలంగాణ పల్లెల్లో నేటికీ ‘సల్ల’ అనడమే వాడుక. మరి మజ్జిగ కోసం వచ్చినామె ముంతను కొంగు చాటున ఎందుకు దాచుకుంది?

ముందు మజ్జిగ సంగతి చూద్దాం. పాడి ఉన్న ఇంట్లో పాలను దాలిలో పిడకల సెగ మీద మెల్లగా కాచేవారు. గోరువెచ్చగా ఉండగా కాస్త పెరుగు వేసి తోడు పెట్టేవారు. తెల్లవారేసరికి పాలు తోడుకునేవి. అప్పుడు పెరుగును కుండలో పోసి, కవ్వానికి తాడు చుట్టి, రెండు కొసలూ పట్టుకొని చిలికేవారు. పాలలో వెన్న కంటికి కనబడనంత చిన్న బొట్లుగా ఉంటుంది. ప్రతి బొట్టు చుట్టూ ఒక సన్నని పొర ఉంటుంది. కవ్వం తాకిడికి ఆ పొర చిరిగి, బొట్లు ఒకదానికొకటి అంటుకొని పైకి తేలుతాయి. ఎండ ఎక్కితే వెన్న మెత్తబడి ముద్ద కట్టదు. అందుకే చిలకడం తెల్లవారుజాము పని. వేసవిలో అయితే చన్నీళ్ళు కూడా పోసేవారు.

వెన్న కాచి నెయ్యి అమ్ముకునేవారు. కుండలో మిగిలిన చల్లను మాత్రం అమ్మేవారు కారు. చాలా ఊళ్ళలో అది నామోషీ. పాడి లేని ఇళ్ళవారు ముంత తెచ్చుకుంటే ఊరికే పోసేవారు. ఆ చల్లే వారి చద్దన్నంలోకి, అంబలిలోకి ఆధారం. ఉప్పు వేసి, పచ్చిమిరపకాయ నంజుకుంటే మధ్యాహ్నపు ఎండలో కూలిపనికి ఓపిక వచ్చేది. కాని ఊరికే వచ్చేదైనా అడగడం తేలిక కాదు. పైగా కొందరిని గడప దాటనీయక, వాకిటనే నిలబెట్టి ఎత్తి పోసేవారు. సామెత విని మనం నవ్వుతాము గాని, ముంత దాచినామె సిగ్గు నాకు బాగా అర్థమవుతుంది.

1970లో భారతదేశంలో ఆపరేషన్ ఫ్లడ్ అనే పాడి పథకం మొదలైంది. క్రమంగా ఎన్నో ఊళ్ళలో పాల కేంద్రాలు వెలిశాయి. వెన్న ఎంత ఉంటే అంత ధర. గేదె పాలలో నూటికి ఆరేడు పాళ్ళు వెన్న ఉంటుంది కనుక రైతు చేతికి రొక్కం వచ్చింది. అది మేలే. అయితే పాలు పాలుగానే ఊరు దాటిపోయాయి. చిలికేందుకు పెరుగు లేనప్పుడు పంచేందుకు చల్ల ఎక్కడిది? పాడి లేని ఇళ్ళవారు పెరుగు పొట్లం కొనుక్కోవలసి వచ్చింది.

ఇక్కడ బ్రిటన్ అంగళ్ళలో బటర్‌మిల్క్ అని అమ్మేది చాలావరకు వెన్న తీసిన పాలను పులియబెట్టినది. చిలికినది కాదు. అసలైన చల్ల చూడాలంటే, చిక్కని మీగడ పెరుగును మూత ఉన్న సీసాలో సగం వరకు పోసి, కాసిని చన్నీళ్ళు కలిపి ఊపండి. చేతులు నొప్పి పుడతాయి, ఆపకండి. వెన్న పూసలు కనబడగానే వడకట్టి, కింద దిగినది తాగి చూడండి.