మీకు తెలుసా? ఈ రైఫిల్‌కు మొద్దు ముక్కే క్షేమం

గొట్టం మ్యాగజైన్ ఉన్న లీవర్ యాక్షన్ వేట రైఫిల్‌లో మొనదేలిన తూటాలు నింపితే, అవి ఆ గొట్టంలోనే పేలిపోయే ప్రమాదం ఉంది!

అమెరికాలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894నే చూడండి. బ్యారెల్ కింద సన్నటి గొట్టం. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి బారుగా ఉంటాయి. వెనక తూటా మొన సరిగ్గా ముందు తూటా అడుగున ఉన్న ప్రైమర్‌కు ఆనుతుంది. దెబ్బ తగిలితే అంటుకునే మందు ఉండేది ఆ చిన్న లోహపు బిళ్లలోనే. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నుతుంది, వరస మొత్తం కుదుపుకు లోనవుతుంది. అక్కడ సూదిమొన ఉంటే అదే ఫైరింగ్ పిన్ పని చేసేయగలదు.

అందుకే 1895లో వచ్చిన ప్రసిద్ధ .30-30 తూటాకు సాధారణంగా చదునైన ముక్కు ఉంటుంది.

సొంతంగా తూటాలు తయారుచేసుకునే అక్కడి వేటగాళ్లకు ఇంకో జాగ్రత్త కూడా తప్పదు. ఇత్తడి కేస్ అంచును గుండు చుట్టూ ఉన్న గాడిలోకి నొక్కి బిగిస్తారు. ఆ బిగింపు సరిపోకపోతే గొట్టంలోని స్ప్రింగ్ ఒత్తిడికి, కుదుపులకు గుండు లోపలికి దిగిపోవచ్చు. చూడ్డానికి చిన్న విషయమే. కానీ గుండు దిగితే లోపలి చోటు తగ్గి, పేల్చినప్పుడు పీడనం పెరుగుతుంది.

వించెస్టర్ 1895 రైఫిల్‌లో మాత్రం మొన ప్రైమర్‌కు ఆనే చిక్కు లేదు. అందులో తూటాలు పెట్టె మ్యాగజైన్‌లో ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు తీసుకెళ్లిన రైఫిళ్లలో ఈ రకం కూడా ఉంది. గొట్టం రైఫిళ్ల కోసం హార్నడీ కంపెనీ తర్వాత మెత్తటి పాలిమర్ మొన ఉన్న తూటాలు తెచ్చింది. ప్రైమర్‌కు ఆనినా ఆ మొన నొక్కుకుపోతుంది.